తాడు వదలని పిల్ల

దమ్ము చేసిన మడిని చదును చేయాలంటే, ఎడ్లు లాగే బల్ల మీద బరువుకు మనిషి నిలబడాలి. మా నాన్నకు మగపిల్లలు లేరు. ఆయన నడుం పట్టేసిన ఏడు నేనే పగ్గాలు పట్టుకుని ఆ బల్లెక్కాను. మా ఊరు చెవిటికల్లంతా గోల. "ఆడది బల్లెక్కితే పైరు పండుద్దంటరా?" అన్నాడు మా పెదనాన్న. పండింది. అయినా ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. మరుసటేడు నాన్న అన్నగారికి జడిసి నన్ను దింపేసి, బల్ల మీద కూలి మనిషిని నిలబెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అవి అరవైల నాటి రోజులు. కృష్ణకు వరద ఇంకా రాలేదు. ఆ వారమే బెజవాడ నుంచి ఒక ఇంజనీరుగారు మోటారు పడవలో మా రేవుకొచ్చి, సామానంతా ఇసుకలో పరిచారు. ముక్కు పైకి వంగిన రెండు పొడుగాటి చెక్కలు, వాటి మీద పాదాలు ఇరికించుకునే రబ్బరు తొడుగులు, చివర కర్రపిడి ఉన్న తాడు, మునగనివ్వని లావుపాటి చొక్కా. ఈత నేర్చేటప్పుడు మేం వీపున కట్టుకునే బెండ్లకు ఆ చొక్కా పెద్దన్న. డ్రైవరు పడవ నడుపుతుంటే, ఆయన దాని వెనక కృష్ణ మీద నిలబడి ఒక చుట్టు తిరిగొచ్చారు.

"దీన్ని వాటర్ స్కీయింగ్ అంటారు. మీలో ఎవరన్నా ఎక్కుతారా?"

మగాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"నేనెక్కుతానండీ," అన్నాను.

"పరువు తియ్యకే," అన్నాడు నాన్న. బల్ల మీంచి దింపినప్పుడే నా పరువు తీశావు గదా అనుకుని, నాట్లకు దిగినట్టు చీర గోచీ పోశాను.

మోకాళ్ళు ముడుచుకుని నీళ్ళలో కూర్చోవాలి, చేతులు చాపి ఉంచాలి, పడవే పైకి లేపుతుంది, పడితే తాడు వదిలేయాలి. ఆయన చెప్పింది అంతే. పడవ దూకగానే నా చేతులు పాత అలవాటుకు పోయాయి. ఎడ్లను ఆపినట్టు తాడు వెనక్కి లాగి "హో, హో" అన్నాను. మోటారుకేం తెలుసు? వెల్లకిలా పడ్డాను. పైగా తాడు వదల్లేదు. పగ్గం వదిలితే ఎడ్లు ఎవరి చేలోనో పడతాయని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగినదాన్ని. పడవ నన్ను ఈడ్చుకుపోతుంటే సగం కృష్ణ మింగాను.

"వదిలెయ్యమన్నాను గదమ్మా!" అన్నారాయన.

"వదిలే అలవాటు లేదండీ. మళ్ళీ పోనివ్వండి."

ఈసారి తాడు లాగలేదు. నీళ్ళ మీద నిలబడ్డాను! నాన్నతో సహా రేవంతా చూసేదాకా కూలబడలేదు.

ఒడ్డెక్కగానే పెదనాన్న ఎదురొచ్చాడు. "ఏట్లో ఎగిరితే మళ్ళో బల్లెక్కనిస్తామనుకున్నావా?"

తడిచీరతోనే మా మడికి నడిచి, కూలి మనిషి చేతిలోని పగ్గాలు తీసుకుని బల్లెక్కాను. నాన్నా, పెదనాన్నా నా వెనకే వచ్చి గట్టు మీద నిలబడ్డారు.

"దింపరా దాన్ని!" అన్నాడు పెదనాన్న.

నాన్న నన్ను చూశాడు. "నేను దింపనన్నయ్యా. కావాలంటే నువ్వు దిగి దింపు."

పెదనాన్న మోకాటి లోతు బురదను చూశాడు, తన తెల్లపంచె చూసుకున్నాడు. నేను ఎడ్లను అదిలించాను.