సగం కాయిల్, సగం కరెంటు

ఒక్క గిన్నెడు చాయ్ కాచబోయి పన్నెండు ఇళ్ల కరెంటు పీకేసిన ఘనుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే దిగులు పడకండి. ఆ ఘనుణ్ణి నేనే.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. నస్పూర్‌లో బొగ్గు గని ఆఫీసులో గుమాస్తాను. మెట్రిక్‌లో సైన్సు గట్టెక్కినవాణ్ణి కనుక, కరెంటు నాకు మేనబావ అయినట్టు మాట్లాడేవాణ్ణి. వరసగా ఉన్న పన్నెండు క్వార్టర్లలో ఒకటి నాది. అందులో కొత్త హీటరు పెట్టాను. పింగాణీ పళ్లెం, అందులో జంతికలా చుట్టిన కాయిల్ తీగ. తీగ ఎర్రగా కాలితే పైన గిన్నె. "సాబ్, గిది బాగ కరెంటు గుంజుతది. జర పైలం" అని లైన్‌మన్ ముందే చెప్పిపోయాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం, పిల్లనివ్వాలనుకుంటున్న రాజయ్య గారు బెల్లంపల్లి నుంచి నన్నూ నా ఇల్లూ చూడడానికి వస్తున్నారు. ఖానాపూర్ నుంచి ముందురోజే వచ్చిన, నన్ను కన్న మా అవ్వ కట్టెల పొయ్యి ముట్టించబోయింది.

"వద్దే అవ్వా! పొగకు ఆయన కండ్లు మండుతయి. చాయ్ హీటర్ మీద పెడత."

"గది కరెంటు బాగ గుంజుతదంటివి గద బిడ్డా?"

"గందుకే తీగ సగం కోసి పారేసిన. సగం తీగ, సగం కరెంటు. సమజైందా?"

"ఏమో, సదువుకున్నోనివి" అంది అవ్వ. ఆ మాటలో ఉన్న అనుమానం నా చదువుకు అందలేదు.

రాజయ్య గారు వచ్చి మంచం మీద కూర్చున్నారు. నేను దర్జాగా స్విచ్చి వేశాను. ఎప్పుడూ కుంకుమలా ఎర్రబడే కాయిల్ ఈసారి ఎండాకాలపు సూర్యుడిలా తెల్లగా మెరిసింది. "సగం కరెంటుకే గింత వేడి!" అని మురిసేలోపు టప్పుమని ఇంట్లో ఫ్యూజు పోయింది.

"ఏమైంది బిడ్డా?" అన్నారు రాజయ్య గారు.

"ఏం లేదు మామా. గీ ఫ్యూజు తీగ జర నాజూకుది."

దాని స్థానంలో చూపుడువేలిలో సగం లావున్న రాగి తీగ బిగించాను.

"గంత మోటు తీగనా?" ఆయన మంచం మీంచి లేచారు.

"ఫికర్ జెయ్యకుండ్రి మామా. ఏనుగు గుంజినా తెగది!"

నిజమే, తెగలేదు. గోడ మీది వైరు కమురు కంపు కొట్టింది. చూరు దాకా పొగ లేచింది. అవ్వ కేక పెట్టింది. ఆ క్షణంలోనే బయట స్తంభం మీద, వరస మొత్తానికీ కలిపి ఉన్న పెద్ద ఫ్యూజు ఢామ్మంది. రాజయ్య గారు ఒక్క అంగలో వెళ్లి మెయిన్ దించారు.

పక్కింటి పోశవ్వ రేడియోలో పాట సగంలో ఆగింది. "ఎవడాడు? నా రేడియో నోరు మూసినోడు ఎవడు?" అంటూ ఆమె వాకిట్లోకి వచ్చింది. వెనకాల వరస మొత్తం వచ్చింది. మొహం దాచుకోవడానికి నాకు గిన్నె మూత తప్ప ఇంకేం కనబడలేదు.

రాజయ్య గారు హీటరు పరీక్షించారు. "కాయిల్ కోసినవా?"

"కోసిన మామా. కరెంటు తక్కువ గుంజుతదని…"

"అరె! లైన్ల వోల్టేజీ ఎంతున్నదో గంతే ఉంటది. కరెంటును ఆపేది గీ తీగ పొడుగు. ఆపేదాన్ని సగం చేస్తివి. మరి కరెంటు ఎంతయితది?"

"స… సగం?"

"డబుల్!" అన్నారాయన. "ఇల్లు కాలకుండ తను కాలిపోయేది ఫ్యూజు తీగ. దాన్ని గూడ కాలకుండ చేస్తివి గద!"

"మీరు… ఏం పని చేస్తరు మామా?"

"పవర్ హౌస్‌ల ఎలక్ట్రీషన్. ఇరవై ఏండ్లాయె."

కాళ్ల కింద నేల చీలితే దూకేద్దామనుకున్నాను. నస్పూర్‌లో నేల కింద బోలెడంత ఖాళీ ఉంది కూడా. ఈలోగా అవ్వ కట్టెల పొయ్యి మీద కాచిన చాయ్ తెచ్చింది. ఆయన ఊదుకుంటూ తాగుతుంటే ధైర్యం చేసి అడిగాను.

"ఇగ పిల్లను ఇయ్యరా మామా?"

"ఇయ్యకుంటెట్ల? మా సుశీల ఫ్యూజులు కట్టుడు నా దగ్గర్నే నేర్చింది. నీ ఇంట్ల గసొంటి మనిషి లేకుంటే గీ పన్నెండు ఇండ్లు ఆగమైతయి!"

అలా నా మంచితనం చూసి కాదు, ఇరుగుపొరుగు మీద జాలితో నాకు పెళ్లి చేశారు.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ కాయిల్‌నూ సగానికి కోయను. పావుకూ కోయను. బల్బు మార్చాల్సి వచ్చినా స్టూలు మాత్రమే పట్టుకుంటాను. పైకి ఎక్కేది సుశీలే.