మాస్కు, మూడు కత్తెరలు

ఢిల్లీ ద్వారకలో మా బాల్కనీలో నిలబడితే ఎదురు టవరు కనిపిస్తుంది. దాని నెత్తిన ఎర్ర రంగుతో ‘సి-4’ అని పెద్దగా రాసి ఉంటుంది. ఆ ఏడాది పొద్దున్నే లేచి నేను చేసే మొదటి పని, కుడి కన్ను అరచేత్తో మూసుకుని ఎడమ కంటితో దాన్ని చదవడం. రెండూ కనిపిస్తే పళ్లు తోముకోవడానికి వెళ్లేదాన్ని. ‘సి’ కాస్త అలుక్కుపోయినట్టుంటే అక్కడే నిలబడి మళ్లీ మళ్లీ చూసేదాన్ని. కింద పాలప్యాకెట్లు తెచ్చుకునే ఆంటీలు ఈవిడకేం పిచ్చి అనుకుని ఉంటారు.

ఆ ఎడమ కంటి వెనకాల, పుర్రె అడుగు ఎముకలో నాకొక కణితి. ఆపరేషన్‌లో చాలావరకు తీశారు. మిగిలిన ముక్క కంటి నరాన్ని ఆనుకుని ఉంది. దాన్ని కత్తితో ముట్టుకుంటే చూపు పోతుందన్నారు, వదిలేస్తే పెరిగి నరాన్ని నలిపేస్తుందన్నారు. మామూలు రేడియేషన్ కిరణాలు కణితిని దాటి అవతల ఉన్నవాటిని కూడా తగులుకుంటూ పోతాయట. ప్రోటాన్ అలా కాదు, సరిగ్గా లెక్కకట్టి పంపితే కణితి దాకా వెళ్లి శక్తంతా అక్కడే దింపి ఆగిపోతుందని ఢిల్లీ డాక్టరు కాగితం మీద గీసి చూపించారు. ఆ మిషను ఇక్కడ లేదు, విమానంలో మూడు గంటల దూరంలో దక్షిణాన ఉంది. “ఆలస్యం మాత్రం చేయొద్దు” అని ఆయన మూడుసార్లు చెప్పారు.

మా అమ్మ నెల్లూరులో జాకెట్లు కుడుతుంది. ఇదంతా ఫోనులో చెబితే కుట్టు మిషను ఆపి వింది. తర్వాత, “అంటే హెమ్మింగు మాదిరి అన్నమాట. సూది ఒక్క పోగును పట్టుకోవాల, అవతలి పక్కకి తేలకూడదు. అంతేనా పాపా?” అంది. డాక్టరుగారి బొమ్మ కంటే నాకు అదే బాగా అర్థమైంది.

ఆ సెంటరుకు మొదటిసారి ఒక్కదాన్నే వెళ్లాను. ఎప్పుడూ అంతే, ఎవరైనా తోడొస్తానంటే నాకు చిరాకు. బల్ల మీద పడుకోబెట్టి, వేడినీళ్లలో మెత్తబరిచిన ప్లాస్టిక్ వలను ముఖం మీద పరిచి, అది గట్టిపడేదాకా ఒత్తి పట్టుకున్నారు. అదే మాస్కు. చికిత్స జరిగే ఆరేడు వారాలూ రోజూ దాన్ని ముఖానికి బిగించి బల్లకు తగిలిస్తారు. తల ఒక్క మిల్లీమీటరు కూడా కదలకూడదు. ఆ తర్వాత టెక్నీషియనమ్మాయి ఒక కాగితం ఇచ్చి, బరువు మారకూడదని, జుట్టు మార్చకూడదని ఏదో చెప్పుకుంటూ పోయింది. ఆఫీసులో రోజూ పది చోట్ల చదవకుండా ‘ఐ అగ్రీ’ నొక్కే చెయ్యి నాది. సంతకం పెట్టేశాను. ప్లాను తయారవడానికి పది రోజులు పడుతుంది, ఇంటికి వెళ్లి రమ్మన్నారు.

నేను ద్వారకకు తిరిగొచ్చేసరికి అమ్మ నెల్లూరు నుంచి దిగిపోయింది. మాగాయ సీసా, తన పెద్ద కత్తెర, ఒక పసుపు గుడ్డ తెచ్చుకుంది. పసుపు గుడ్డ ఎందుకని అడిగితే మొక్కు సంగతి బయటపెట్టింది. నాకు ఆపరేషన్ జరిగిన రోజు, బిడ్డ బతికి బయటపడితే మూడు కత్తెరలు ఇప్పిస్తానని వెంకన్నకి మొక్కుకుందట. ఆడవాళ్లు గుండు చేయించుకోలేకపోతే మూడుచోట్ల మూడు కత్తెరలు వేయించి ఆ కొసలిస్తారు, మావైపు అదీ చెల్లుతుంది. కొండకి తర్వాత పోవచ్చు, చికిత్స మొదలయ్యేలోపు ఇక్కడే కత్తిరించి ముడుపు కట్టుకుంటానంది.

నాకు ఒళ్లు మండింది. దేవుడి మీద కాదు, అమ్మ మీదా కాదు. కొన్నాళ్లుగా ఎవరి మీద విసుక్కోవాలో తెలియక దొరికినవాళ్ల మీద విసుక్కుంటున్నాను.

“రేడియేషన్‌కి ఎలాగూ సగం ఊడుతుందమ్మా. ఊడిపోయేదానికి మూడు కత్తెరలేంటి? ఇస్తే మొత్తం ఇచ్చేద్దాం.”

“వద్దులే పాపా. మూడు కత్తెర్లు చాలు. నేను అంతే మొక్కుకున్నా.”

“మిషనుకి ఇచ్చే బదులు మీ దేవుడికే ఇస్తానంటున్నా కదా!”

ఆదివారం పొద్దున సెక్టారు మార్కెట్టులోని సెలూన్ నుంచి మంగలిని పిలిపించాం. హాల్లో పాత దుప్పటి పరిచి కుర్చీ వేశాం. నడుం దాటిన నా జడ చూసి అతనే తటపటాయించాడు.

“దీదీ, పూరా?”

“పూరా, భయ్యా,” అని తల మొత్తం చేత్తో చూపించాను.

కత్తెర పడింది. మొదటి పాయ ఒళ్లో పడగానే టెక్నీషియనమ్మాయి గొంతు గుర్తొచ్చింది. ఆ రోజు వినకుండా తలూపిన మాట ముక్కముక్కగా కాదు, మొత్తం గుర్తొచ్చింది. ఆపమని చెప్పాల్సింది. అమ్మ ఎదురుగా కళ్లు మూసుకుని చేతులు జోడించి గోవిందా గోవిందా అంటోంది. ఈ జబ్బు బయటపడ్డాక నాలుగు నెలల్లో ఆవిడ ముఖం అంత ప్రశాంతంగా నేను చూడలేదు. జుట్టేగా, ఏమవుతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పావుగంటలో పని అయిపోయింది. అమ్మ జుట్టంతా ఏరి, రూపాయి బిళ్ల వేసి, పసుపు గుడ్డలో మూటగట్టి దేవుడి పటం ముందు పెట్టింది. సాయంత్రం సరోజినీ నగర్ బజారుకి వెళ్లి నా తలకి మెత్తటి స్కార్ఫులు నాలుగు కొనుక్కొచ్చింది.

సోమవారం సెంటరు నుంచి నర్సు ఫోను చేసింది. గురువారం నుంచి చికిత్స మొదలు, అంతకుముందు కొన్ని ప్రశ్నలు అడుగుతానంది. జ్వరం లేదు. బరువు మారలేదు. “జుట్టు ఏమైనా కత్తిరించారా మేడమ్?”

స్పీకర్ ఆన్ చేసి ఉంది. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చపాతీ పిండి చేతులు తుడుచుకుంటోంది.

“మై మదర్ హాడ్ ఎ వౌ,” అన్నాను. అమ్మ మొక్కు వల్ల గుండు చేయించాల్సి వచ్చిందని ఇంగ్లీషులో గడగడా చెప్పేశాను. అమ్మకి ఇంగ్లీషు రాదు. మదర్ అన్న మాట మాత్రం వచ్చు. నర్సు, సాయంత్రం నాలుగింటికి రేడియేషన్ లెక్కలు చూసే ఫిజిసిస్టు వీడియోలో మాట్లాడతారని పెట్టేసింది.

“ఏందంట?” అంది అమ్మ.

“గుండు చేయించకూడదంట.”

ఆ మాట నేను చెప్పిన తీరు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తప్పు చేసినవాళ్లతో మాట్లాడే గొంతు అది. అమ్మ పిండి చేతులతోనే కుర్చీలో కూలబడింది. నాలుగయ్యేదాకా మేమిద్దరం అన్నం తినలేదు. రెండుసార్లు బాల్కనీలోకి వెళ్లి చూశాను. ‘సి’ ఉంది, లేదు, ఉంది.

ఫిజిసిస్టు కుర్రాడే, మర్యాదస్తుడు. తిట్టలేదు. అతను ఇంగ్లీషులో చెప్పేదంతా పక్కనే ఉన్న అమ్మకి తెలుగులో చెబుతూ పోయాను. మాస్కు మీ దట్టమైన జుట్టుతో కలిపి తయారైంది, ఇప్పుడు తల వెనక్కి దిగిపోతుంది, గడ్డం పైకి లేస్తుంది, మేము కణితికి గురిపెట్టింది నరానికి తగలొచ్చు అన్నాడు. రేపే వచ్చి మాస్కు పెట్టి చూపించమన్నాడు. సరిపోకపోతే కొత్త మాస్కు, కొత్త స్కాను, కొత్త ప్లాను. మళ్లీ పది రోజుల పైమాటే. ఆలోగా కణితి పెరగదా అని అడిగాను. పెరగదని చెప్పలేనన్నాడు.

అప్పుడు అమ్మ నా భుజం మీదుగా ఫోను ముందుకు వంగింది. చేతిలో పసుపు మూట ఉంది. ముడి విప్పి ఉంది.

“బాబూ, ఆ జుట్టు ఎక్కడికీ పోలేదు, ఇదిగో ఉండాది. పల్చటి గుడ్డలో ఇదే పరిచి టోపీ మాదిరి కుట్టేస్తా. ముందు ఎంత మందం ఉండాదో అంతే వస్తాది. లైనింగు వేయడం నాకు తెలుసు. రాత్రికల్లా కుట్టేస్తా. పాప అది పెట్టుకుంటే సరిపోదా?”

దేవుడికని కట్టిన ముడుపు విప్పకూడదని నా చిన్నప్పుడు చేయి మీద కొట్టి నేర్పింది ఆవిడే. అతనికి తెలుగు రాదు. నేను ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చింది. టోపీ రోజూ ఒకేలా కూర్చోదు, కుదరదని అమ్మగారికి చెప్పండి అన్నాడతను. చెప్పాను.

ఫోను పెట్టేశాక అన్నాను. “గుండు అన్నది నేనమ్మా. నువ్వు మూడు కత్తెరలే అడిగావు. జుట్టు తీయొద్దని కాగితం మీద సంతకం పెట్టింది కూడా నేనే. మొదటి పాయ పడ్డప్పుడే గుర్తొచ్చింది, నోరు విప్పలేదు. పొద్దున నర్సుతో నీ మీదకి తోసేశాను.”

చెబితే గుండె బరువు దిగుతుందనుకున్నాను. అమ్మ విప్పిన గుడ్డ వంకే చూస్తోంది.

“నేను మొక్కకపోయుంటే నువ్వు గుండు అనేదానివా?” అంది. “బట్టలు సర్దు. పొద్దున్నే విమానం.”

మూట మళ్లీ ముడి వేయలేదు. అదేంటని అడిగితే, “నీ కన్ను సంగతి తేలినాక వేస్తా,” అంది. విప్పిన గుడ్డను అలాగే మడిచి తన సంచిలో పెట్టుకుంది.

మాస్కు సరిపోలేదు. బల్ల మీద బిగించాక కూడా లోపల నా తల అటూ ఇటూ కదిలింది. ఆ టెక్నీషియనమ్మాయి పెదవి కొరుక్కుంటూ బిగింపులు విప్పేసింది. కొత్త ప్లాను వచ్చేసరికి పదకొండు రోజులు పట్టింది. అక్కడ మేం దిగిన గదికి బాల్కనీ లేదు, సి-4 లేదు. గోడమీద క్యాలెండరు చదవబోతే అమ్మ చూస్తుందని మానేశాను. ఆ తర్వాత ఆరున్నర వారాలు, ఆదివారాలు తప్ప రోజూ, కొత్త మాస్కు కింద కదలకుండా పడుకున్నాను. బయట బెంచీ మీద అమ్మ గుడ్డసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చునేది.

కణితి ఆగింది. కొత్త స్కానులో పెరగలేదు. ఎడమ కంటి చూపులో ఒక పక్క కొంత పోయింది, అది ఇక రాదన్నారు. ఆ పదకొండు రోజుల్లో పోయిందా, ఎలాగైనా పోయేదేనా అని అడిగాను. ఎవరూ చెప్పలేరమ్మా అన్నారు డాక్టరు. ఆ గదిలోకి నేనొక్కదాన్నే వెళ్లాను, అమ్మని రానివ్వలేదు.

ద్వారకకు తిరిగొచ్చిన మర్నాడు పొద్దున బాల్కనీలోకి వెళితే అమ్మ నా వెనకే వచ్చింది. ఈ పరీక్ష సంగతి ఎప్పుడు కనిపెట్టిందో. నేను కుడి కన్ను మూసుకున్నాను.

‘4’ ఉంది. దాని పక్కన ఉత్త గోడ.

“ఏం కనపడతా ఉండాది?”

“సి-4.”

“రెండూనా?”

“రెండూ.”

అమ్మ ఒక్క నిమిషం నా ముఖంలోకి చూసింది. లోపలికి వెళ్లి సంచిలోంచి పసుపు గుడ్డ తీసింది. రూపాయి బిళ్ల ఉందో లేదో తడిమి చూసుకుని, కొసలు రెండూ లాగి గట్టిగా ముడి వేసింది. “వచ్చే నెల కొండకి పోదాం పాపా,” అంది. నేను సరేనన్నాను.