తెల్వదనే సండే స్కూల్ సారు

జమ్మికుంట పత్తి మార్కెట్‌లో జాన్సన్‌ది తేమ చూసే పని. పత్తి పైన ఎంత తెల్లగా మెరిసినా, లోపలిదాకా చెయ్యి పెట్టి చూడనిదే ఒప్పుకోడు. ఆదివారం చర్చికి వచ్చినంత మాత్రాన ఆ బుద్ధి ఊరుకుంటుందా! అయినా చర్చి అంటే అతనికి ప్రాణం. అతని పెళ్లి అక్కడే, పిల్లల బాప్తిస్మం అక్కడే, క్రిస్మస్‌కు గొంతు పోయేదాకా పాడేదీ అక్కడే. అన్నిటికన్నా ఇష్టం, తాను పాఠం చెప్పే సండే స్కూలు.

చిక్కల్లా పిల్లల ప్రశ్నలతోనే వచ్చింది. జలప్రళయంలో జంతువులన్నిటినీ ఎక్కించుకున్న నోవహు ఓడలో పులి అన్ని రోజులూ ఏం తిన్నదని ఒకడు అడిగాడు.

"నాకు తెల్వది బిడ్డా. నాకు గూడ గదే అనుమానం," అన్నాడు జాన్సన్.

ఇళ్లలో కూర ఉడికేలోపే ఆ మాట సంఘమంతా తిరిగింది. సంఘ పెద్ద అబ్రహాం మండిపడ్డాడు.

"ఏందిర జాన్సన్, నువ్వే అనుమానపడితె పిల్లలేం గావాలె? నాకు ఏ అనుమానం లేదని వచ్చే ఆదివారం అందరి ముంగట చెప్పు. లేకుంటె క్లాసు నేనే చెప్త."

"అబద్ధం ఎట్ల చెప్పాలె పెద్దబాపు? గదీ చర్చిల!"

వారమంతా జాన్సన్‌కు అన్నం సయించలేదు. దేవుడి సంగతి ఎలా ఉన్నా, ఆ పిల్లలు లేని ఆదివారాన్ని ఊహించుకోలేకపోయాడు. ఆదివారం వచ్చింది. అతను మాత్రం లేచి ఆ మాట చెప్పలేదు.

అబ్రహాం అన్నంత పనీ చేశాడు. ఇస్త్రీ చొక్కాతో, గొంతు సవరించుకుని పిల్లల ముందు నిలబడ్డాడు. జాన్సన్ పిల్లల వెనక చాప మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. ప్రార్థిస్తే దేవుడు ఇవ్వనిది లేదని అబ్రహాం మొదలుపెట్టాడో లేదో, ఎనిమిదేళ్ల మహిమ చెయ్యెత్తింది.

"తాతా, రిబ్కమ్మవ్వ కోసం మనమందరం ప్రార్థన చేసినం గద. మరెందుకు సచ్చిపోయింది?"

రిబ్కమ్మ అబ్రహాం భార్య. పోయిన వానాకాలం జబ్బు చేసి కన్నుమూసింది. అబ్రహాం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. చివరికి జాన్సన్ వైపు చూశాడు.

"నువ్వు చెప్పుర."

"నాకు తెల్వది బిడ్డా," అన్నాడు జాన్సన్. "అవ్వ యాదికొస్తె నాక్కూడ ఏడుపొస్తది."

అబ్రహాం కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు.

"గామె పోయినకాన్నుంచి ఇంటికొచ్చినోళ్లందరు ఏదో ఒక జవాబు చెప్పి పోయిండ్రు. తెల్వదని ఒక్కలు గూడ అనలే."

మోకాళ్లు పట్టుకుని మెల్లగా వచ్చి, చాప మీద మహిమ పక్కన కూలబడ్డాడు.

"జర జరుగు బిడ్డా. ఇగ క్లాసు నువ్వే చెప్పుర జాన్సన్. నాకు గూడ అడిగేటివి మస్తున్నయి."