సగటు న్యాయం

ఆ లాండ్రీలో ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల తువ్వాళ్లు ఉతుకుతారు. ఇస్త్రీ బల్లల దగ్గర పదకొండు మంది ఆడవాళ్లు. వాళ్లలో పెద్దామె పదిహేడేళ్లుగా నిలబడే పనిచేస్తోంది. కుర్చీలు వేస్తే ఎక్కడ బద్ధకస్తులైపోతారోనని యాజమాన్యానికి వాళ్ల మీద అంత బెంగ. ఏ మరకా ఆమె కన్ను దాటిపోదు కనుక తోటివాళ్లు ఆమెను ‘ఎక్స్‌రే అక్క’ అంటారు.

కూలి గంటకు ఎనభై. వారంలో నలభై ఎనిమిది గంటలు దాటితే, ఆ పైన ప్రతి గంటకూ ఒకటిన్నర రెట్లు, అంటే నూట ఇరవై. ఈ నియమాన్ని అద్దాల ఫ్రేములో పెట్టి గోడకు తగిలించారు. అద్దాన్ని వారానికోసారి తుడిపిస్తారు కూడా. పాటించడం సంగతి తుడిచేవాళ్ల పని కాదు కదా.

ఒక వారం ఆర్డర్లు ముంచెత్తాయి. అందరూ యాభై ఎనిమిది గంటలు పనిచేశారు. మరుసటి వారం బాయిలరు చెడిపోయి, ముప్ఫై ఎనిమిది గంటలకే ఇళ్లకు పంపేశారు. రెండు వారాలకూ కలిపి చీటీలో ఏడువేల ఆరువందల ఎనభై అని ఉంది. అక్క సబ్బు అట్టపెట్టె వెనక లెక్క వేసింది. మొదటి వారం నలభై ఎనిమిది గంటలకు మూడువేల ఎనిమిదివందల నలభై, పై పది గంటలకు పన్నెండొందలు. రెండో వారానికి మూడువేల నలభై. మొత్తం ఎనిమిదివేల ఎనభై రావాలి. మేనేజరు గదికి వెళ్లింది.

“సార్, నాలుగొందలు తక్కువొచ్చింది.”

“తక్కువేం కాదమ్మా. రెండు వారాలూ కలిపితే తొంభై ఆరు గంటలు. సగటున వారానికి నలభై ఎనిమిదే. ఇంక ఓవర్‌టైమ్ ఎక్కడిది?”

“నిన్న రెండింతలు తిన్నానని ఇవాళ ఆకలెయ్యకుండా ఉంటుందా సార్?”

“మనమంతా ఒక కుటుంబం. ఇంట్లోవాళ్ల మధ్య లెక్కలేంటమ్మా?”

ఆయన బల్ల మీద మాత్రం రెండు క్యాలిక్యులేటర్లున్నాయి. పెద్ద కుటుంబం మరి.

ఇంట్లో దర్జీ పని చేసే భర్త కుట్టుమిషను ఆపి మరీ హితవు చెప్పాడు. “నాలుగొందల కోసం ఉన్న ఉద్యోగం ఊడగొట్టుకుంటావా?” ఆమెకూ భయం లేకపోలేదు.

శనివారం మధ్యాహ్నం రెండింటికి ఆ వారం నలభై ఎనిమిది గంటలు పూర్తయ్యాయి. బయట హోటలు వ్యాను ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. ఇంకా రెండొందల దుప్పట్లు ముడతలతోనే ఉన్నాయి. అక్క ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపి, సంచీ భుజాన వేసుకుంది. మేనేజరు పరుగున వచ్చాడు.

“ఎక్కడికమ్మా? ఈ దుప్పట్లు ఎవరు చేస్తారు?”

“వచ్చే వారం చేస్తా సార్. సగటున సరిపోతుందిగా.”

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఒక్కొక్క స్విచ్చే టక్కుమంటూ ఆగింది. మేనేజరు ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. గుమాస్తాను కేకేశాడు. రెండు వారాలుగా ఎంత వెతికినా దొరకని ఓవర్‌టైమ్ నాలుగు నిమిషాల్లో దొరికింది. లెక్కల మహిమ.

గుమాస్తా నోట్లతోపాటు చీటీ ఇచ్చాడు. ‘యాజమాన్యం దయతో ఇచ్చిన బహుమతి’ అని ఉంది దాని మీద.

“దయ వద్దు బాబూ. ఓవర్‌టైమ్ అని రాయి.”

“డబ్బు అదే కదక్కా?”

“అదే కాదు. దయైతే వచ్చేసారి రాకపోవచ్చు.”

గుమాస్తా మేనేజరు వైపు చూశాడు. మేనేజరు వ్యాను వైపు చూశాడు. గుమాస్తా ఆ మాట కొట్టేసి, ఓవర్‌టైమ్ పది గంటలు, గంటకు నూట ఇరవై, ఇదివరకు ఇచ్చింది పోను నాలుగొందలు అని రాశాడు. పదకొండు చీటీల మీదా రాశాక ఇస్త్రీపెట్టెలు మళ్లీ వేడెక్కాయి.

ఐదింటికి పని ముగించి బస్సెక్కి కూర్చున్నాక అక్క చీటీని మరోసారి చదువుకుంది. పక్క బల్ల ఆమె మోచేత్తో పొడిచింది.

“ముందే ఒక్క మాట చెప్పుంటే మేమూ సిద్ధంగా ఉండేవాళ్లం కదక్కా?”

“స్విచ్చి ఆపేదాకా నాకు మాత్రం తెలుసా ఏంటే?” అంది అక్క.