మిద్దె మీది మన్ను

మా ఊరు కమలాపురం దగ్గర. నాన్న పోయాక మా మట్టి మిద్దె పడగొట్టించి స్లాబు వేయించాను. అదే ఎండాకాలం ఊళ్లో అందరి కోసం ఒక మట్టి సావడి కట్టడం మొదలుపెట్టారు. దాన్ని కట్టించే ఇంజినీరమ్మ ఫోనులో ఆఫ్రికా పల్లెల ఫొటోలు చూపించింది. మా సీమలాగే వానలు తక్కువైన నేల, మట్టి గోడలు, ఏటా ఊరంతా కలిసి వాటికి మట్టి మెత్తే జనం.

"మట్టి గురించి అంత దూరం పోయి నేర్చుకోవాల్నా?" అని విసుక్కున్నాను. అమ్మ మాత్రం ఆ ఫోను వదల్లేదు.

"వాళ్లూ మన మాదిరే మన్ను మోస్తాండారు సూడు" అంది.

మా వైపు వానలకు ముందు మిద్దె మీద చవుడు పోస్తారు. ఆ మన్ను నీళ్లను కిందికి దిగనివ్వదు. బతికున్నన్నాళ్లూ మా మిద్దెకు నాన్నే పోసేవాడు. పడగొట్టినప్పుడు ఆ చవుడంతా వాకిట్లో కుప్పపడింది. ట్రాక్టరుకెత్తించి వంకలో పోయిద్దామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. సావడికి కప్పు పడగానే వీధిలోని ఆడవాళ్లను పిలిచి, తనూ గంప ఎత్తుకుని, ఆ మన్నంతా దాని మీదికి మోయించింది.

ఈ ఎండాకాలం ఒక మధ్యాహ్నం అమ్మ ఇంట్లో కనిపించలేదు. వెతుక్కుంటూ పోతే సావడిలో, చల్లటి బండల మీద పడుకుని ఉంది.

"ఇంట్లో ఏసీ పెట్టించినా కదమ్మా, ఈడికెందుకొచ్చినావు?"

అమ్మ కళ్లు తెరవకుండానే పైకప్పు వైపు చెయ్యి చూపింది.

"మీ నాయన పోసిన మన్ను ఈడ కదా ఉండేది."