నా చేత్తోనే తింటారట

మా అత్తగారికి పక్షవాతం వచ్చి ఆరేళ్లు. మొదట్లో ఎవరు పెట్టినా ఊసేసేవారు, నేను పెడితే మింగేవారు. పప్పన్నం మెత్తగా పిసికి, కుడి దవడ వైపు పెట్టి, గొంతు నిమరాలి. ఆ కిటుకు నాకొక్కదానికే తెలుసని ఎంత మురిసిపోయేనో! మామిడికుదురులో పేరంటానికి వెళ్లిన ప్రతి ఇంట్లోనూ చెప్పుకున్నాను, "నా చేత్తో తప్ప తినరండీ" అని. నా నోరు పడిపోనూ!

మొన్న వేసవిలో మా అమ్మకి జబ్బు ముదిరింది. రాజోలు ఆసుపత్రిలో పెట్టేరు. మా ఇంటి నుంచి ఆటో ఎక్కితే అరగంట. "అక్కా, నీ పేరే కలవరిస్తోంది, ఒక్కసారి వచ్చి వెళ్లు" అని తమ్ముడి ఫోను.

మా ఆయన్ని అడిగేను. "నువ్వెళ్తే అమ్మకి ముద్ద దిగదు కదే. రెండ్రోజులాగు, చెల్లిని పిలిపిస్తాను" అన్నారు. రావులపాలెంలో ఉన్న మా ఆడపడుచు ఫోనులో "ఆయ్, వస్తానండీ" అంటుంది. మర్నాడు అరటిగెలల కోతంటుంది, ఆ మర్నాడు తలనొప్పంటుంది.

రెండు పూటల మధ్య వెళ్లి రావచ్చు కదా అంటారేమో. వెళ్లేను ఓసారి, తాటిపాక సెంటర్ దాకా. "అమ్మ ఒకటే ఏడుపు, వచ్చెయ్" అని మా ఆయన ఫోను. ఆటో దిగి వెనక్కొచ్చేను, దద్దమ్మని.

పదకొండో రోజు అమ్మ పోయింది. అప్పుడు మాత్రం ఆడపడుచు గంటలో కారు దిగింది. చావుకి కూడా పంపకపోతే ఊళ్లో మాటొస్తుంది మరి!

దహనం అయ్యేక, తలస్నానం చేసి సాయంత్రం తిరిగొచ్చేను. ఆడపడుచు నన్ను గుమ్మంలోనే ఆపేసింది.

"మూడు రోజులు మైల కదా వదినగారూ, వంటింట్లోకి రాకండి. అమ్మకి నేనే పెడతాలెండి."

"తింటున్నారా?" అన్నాను.

"శుభ్రంగా తినేసిందండీ! మళ్లీ పెట్టమని గిన్నె చూపించింది కూడా. ఆకలేస్తే ఎవరు పెడితేనేంటండీ" అని నవ్వింది. "పక్కబట్టలు మాత్రం మీరే మార్చండి. వాటికి మైలేంటి?"

మార్చేను. అత్తగారు నన్ను చూసి, బాగున్న చేత్తో నా కొంగు పట్టుకున్నారు. విదిలించేసేను. ఆవిడ తప్పేం లేదని తెలుసు. అయినా, పోతే ఈవిడ పోకూడదా, మా అమ్మే పోవాలా అనుకున్నాను.

ఇప్పటికీ పూటపూటా గొంతు నిమిరి తినిపిస్తున్నాను. ప్రతి ముద్దకీ అదే అనుకుంటాను.