రింగిస్తే నడిచే మోటర్

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్ల అందరంటరు. ఉన్నది, ఎందుకు లేదంట? పాలాయన పాలు పోస్తుంటే కూడా నేను గిన్నెల తొంగి చూస్త. అసుంటిదాన్ని, ఆ పార్సిల్ చేతికి రాంగనే మూతి ముడిచిన.

మాది చేవెళ్లకు, మొయినాబాద్‌కు నడుమ, రోడ్డుకు జర లోపలికి ఉండే ఊరు. డెలివరీ బండ్లు మా ఇండ్ల దాక రావు. అందుకే ఊరంతా ఒక్కటే అడ్రస్ రాస్తరు, రోడ్డు మీది చాయ్ హోటల్. హోటలాయన పార్సిళ్లు బిస్కెట్ల సీసాల పక్కకు పెట్టి, మొఖం చూసి ఇస్తడు. ఆ రోజు నాకిచ్చుకుంట, "ఇంత అల్కగున్నది, ఏం తెప్పించిన్రమ్మా?" అన్నడు. మోటర్ నడిపే మిషనంట అని చెప్పిన. ఆయన నవ్విండు. నాకు నవ్వు రాలె.

తెప్పించింది మా ఆయన. గచ్చిబౌలిల కంపెనీ క్యాబ్ నడుపుతడు. సాఫ్ట్‌వేరోళ్లను దించి, మళ్ల ఎక్కించుకునేదాక నడుమ ఖాళీ. ఆ ఖాళీల ఫోన్‌ల సామాన్లు చూసుడే పని. చార్జర్లు, చెవుల పెట్టుకునేటియి, బల్బులు, ఏది అగ్గువకు కనబడితే అది. సగం ఇంటికి రాకముందే ఖరాబయ్యేటివి. ఈసారి మొబైల్ స్టార్టర్ దొరికింది. దాన్ని బోరు కాడ బిగించి, లోపట ఒక సిమ్ వేస్తరు. ఇంట్ల కూసొని ఆ నంబర్‌కు రింగిస్తే మోటర్ నడుస్తది, మళ్ల రింగిస్తే బంద్ అయితది. మా మామకు మోకాళ్ల నొప్పులు, పొద్దుగాల లేచి బోరు దాక నడవలేకపోతుండె. అందుకని తెప్పించిండు. మనసు మంచిదే, కాదన.

కానీ చేవెళ్ల దుకాణంల దొరికే దాంట్ల సగం ధర కూడా లేదది. గంత అగ్గువకు ఎట్ల ఇస్తున్నరని అడిగిన. "అన్నీ అయిదు స్టార్లే ఉన్నయి, చూస్కో" అని ఫోన్ నా మొఖం కాడ పెట్టిండు. చూసిన. అందరూ ఒక్కటే మాట రాసిన్రు, సూపర్ ప్రాడక్ట్, సూపర్ ప్రాడక్ట్ అని. ఒక్కడే కూసొని రాసినట్టున్నది. డబ్బా మీద కంపెనీ పేరు లేదు. లోపటి కాగితం మీద మనకు చదువరాని అక్షరాలు. "దుకాణంల కొంటే, పాడైతే పోయి ఆయన గల్లా పట్టి నిలదీయొచ్చు. దీనికి ఎవల గల్లా పట్టుకుందాం?" అంటే, "నీకన్నీ అనుమానాలే" అని డబ్బా తీస్కొని పోయిండు.

ఆ బోరు సంగతి చెప్పాలె. అది మా మామది, ఆయన అన్నది, ఇద్దరిది. మాకు క్యారెట్, పెద్దమామకు చామంతి. ఒకరోజు మా వంతు, ఒకరోజు వాళ్ల వంతు. వాల్వు ఎటు తిప్పితే నీళ్లు అటు పోతయి. ఇన్నేండ్లల వంతు కాడ మాటామాటా అనుకున్నది లేదు. మా చుట్టుపక్కల పొలాలన్నీ ఒక్కొక్కటి ప్లాట్లయినయి. కార్లల్ల వచ్చి అడిగేటోళ్లు రోజూ ఉంటరు. వాళ్లకు పెద్దమామ పొలమే కావాలె, అది రోడ్డుకు ఆనుకొని ఉన్నది, బోరు కూడ ఆయన దిక్కే ఉన్నది. ఆయన ఒక్కటే చెప్తుండె, "బోరు మాది ఇద్దరిది. తమ్ముడు దున్నినన్ని రోజులు నేను దున్నుత." ఆయన అమ్మితే మాకు పొలంలకు పోయే తొవ్వ లేదు, నీళ్లు లేవు. ఆ వంతు తెగితే రెండిండ్ల ఎవుసం అయిపోయినట్టే. ఇది మా అందరికీ తెల్సు.

డబ్బా బిగించినంక మామ సంబురం చూడాలె. మంచం మీద కూసొని రింగిచ్చుడు, చెవు అటు పెట్టి ఇనుడు. వచ్చినోళ్లందరికీ చూపిచ్చుడు. పెద్దమామకు కూడా నంబరిచ్చిండు, ఆయన వంతు రోజు ఆయన నడుపుకోవాలె గదా.

కొన్ని దినాలు మంచిగనే నడిచింది. తర్వాత మా వంతు రోజు పొద్దుగాల చూస్తే బోరుల నీళ్లు సగమే వస్తున్నయి. చామంతి మడులేమో అప్పుడే పారినట్టు తడి తడిగున్నయి. మళ్ల గట్లనే అయింది. మామ మొఖం మారింది. "అన్న మన వంతుల నడుపుతున్నడే" అన్నడు, మెల్లగ, ఎవలన్నా ఇంటరేమోనన్నట్టు.

"ఆయన గట్ల చేసే మనిషేనా, మామా? ఆ డబ్బానే జర చూడు" అన్న.

"డబ్బాకేం ఎరుక, కోడలా? రింగిస్తేనే నడుస్తది. నంబర్ ఎవరికున్నది? నాకున్నది, వానికున్నది."

మొన్న మనం మోటర్ పెట్టకుండనే మన క్యారెట్ల నీళ్లు పారినయి గదా, అది ఎవలు పారిచ్చిన్రని అడిగిన. అది మాత్రం మామ చెవుల పడలె. అన్న మడి తడి కనబడ్డది గని, మన మడి తడి కనబడలె. ఒక్కసారి మనిషి మీద అనుమానం పుడితే, ఇగ కండ్లు అదొక్కటే ఏరుకుంటయి.

ఇగ కావలి పెట్టిండు. మోకాళ్ల నొప్పులు యాడ పోయినయో గని, తెల్లారకముందే గట్టు మీద పోయి కూసుండుడు. ఒకరోజు మా వంతే. మోటర్ నడుస్తున్న చప్పుడు ఇని నేను కూడ ఎనుక ఉరికిన. పెద్దమామ బోరు కాడ నిలబడి ఉన్నడు, చేతుల ఫోన్. మేం చూస్తుండంగనే ఫోన్ ఒత్తిండు, మోటర్ బంద్ అయింది.

"దొరికినవ్!" అన్నడు మామ.

పెద్దమామకు ముందుగాల అర్థం కాలె. "దొరికినవేందిరా? అది దానంతటదే నడుస్తున్నది. నీ వంతు నీళ్లు నా మడిల కారిపోతున్నయని నేనే ఆపిన. మొన్న కూడ నేనే ఆపిన."

"మోటర్‌కేమన్న దయ్యం పట్టిందా, దానంతటదే నడిచెటందుకు?"

"తమ్మీ, నేను దొంగనారా?"

మామ వంగి వాల్వు మా మడి దిక్కు తిప్పుకున్నడు. పెద్దమామ మా ఇద్దరి దిక్కు చూసి, గట్టు దిగి పోయిండు.

తెల్లారి మామ చేవెళ్లకు పోయి, రోడ్డు మీద గొడుగు కింద సిమ్‌లమ్మేటోళ్ల కాడ కొత్త సిమ్ తెచ్చి డబ్బాల వేసిండు. డబ్బాకు తాళం వేసిండు. కొత్త నంబర్ అన్నకు ఇయ్యలె. నాకు ఒళ్లు మండింది. "నీ అన్నకు తాళం వేస్తవా?" అని మొఖం మీదనే అడిగిన. "నీకు తెల్వదు, ఊకో" అన్నడు. మా ఆయనకు ఫోన్ చేస్తే, డబ్బా అమ్మినోళ్లకు మెసేజ్ పెడతనన్నడు. తర్వాత చూస్తే ఆ అమ్మినోళ్లే యాప్‌ల లేరంట. అయిదు స్టార్లు, సూపర్ ప్రాడక్టులు, అన్నీ మాయం.

పెద్దమామ వంతు వచ్చింది. ఆయన మా ఇంటికచ్చి వాకిట్ల నిలబడ్డడు. లోపటికి రాలె. "తమ్మీ, నా వంతు. రింగియ్యి" అన్నడు. సొంత బోరు నీళ్లు, సొంత తమ్మున్ని అడుక్కునుడు. మామ రింగిచ్చిండు గని, నేను చాయ్ తెచ్చేలోపట పెద్దమామ వెళ్లిపోయిండు. ఆ తర్వాత వంతుకు రాలె. ఆ పై వంతుకు కూడ రాలె. వాల్వు మా దిక్కే ఉండె, చామంతి తలలు వాల్చింది. మామ అది చూసుకుంట కూడ, "దొంగతనం బయటపడ్డంక మొఖం చెల్లుతలేదు" అన్నడు.

ఇగ ఇనుండ్రి. పెద్దమామకు నంబర్ తెల్వదు, డబ్బాకు తాళం. అయినా మోటర్ నడిచింది! ఒక దినం కాదు, రోజూ. ఇంతకుముందు కన్న ఎక్కువ. మామ ఏమన్నడో తెల్సా? నా దిక్కు తిరిగి, "నువ్వే మీ పెద్దత్తకు నంబర్ చెప్పినవ్" అన్నడు.

ఓరి దేవుడా! నేను ఇంక ఊకుంటనా? కొంగు బొడ్ల దోపుకొని బోరు కాడికి నడిచిన. ఎనుకనే మామ. "తాళం తియ్యి" అంటే నా మొఖం చూసి తీసిండు. సిమ్ ఊడపీకి నా ఫోన్‌ల వేసిన. "ఇప్పుడు మోటర్‌కు ఎవలు రింగిచ్చినా నా ఫోనే మోగుతది, కూసో" అన్న. ఇద్దరం గట్టు మీద కూసున్నం.

శానాసేపు కాలేదు. ఫోన్ మోగింది. ఎత్తి స్పీకర్ పెట్టిన. ఆడిపిల్ల గొంతు, తియ్యగ. "నమస్తే సర్, చేవెళ్ల రోడ్డు మీద ఓపెన్ ప్లాట్లు ఉన్నయి సర్. ఐటీ కంపెనీలకు దగ్గర. గ్రౌండ్ వాటర్ సూపర్ సర్."

మామ నోరు తెరిచిండు. నేను కట్ చేసిన. మళ్ల మోగింది, లోన్ కావాల్నా అని. మళ్ల మోగింది, ఎవలో పాత బాకీ అడుగుతున్నరు, ఆ నంబర్ అంతకుముందు ఎవలదో. పాత సిమ్‌కు కూడ గిట్లనే వచ్చి ఉంటయి. ఎవల ఫోనన్నది చూడకుండ, ఎవలు రింగిచ్చినా మోటర్ నడిపే డబ్బా అది. దుకాణంల దొరికేదైతే మనం ఎక్కిచ్చిన నంబర్లకే నడుస్తదంట, తర్వాత తెల్సింది.

మామ ఆ ఫోన్ దిక్కే చూసుకుంట, "అంటే అన్న నిజంగనే ఆపిండా?" అన్నడు. నేను తల ఊపిన. ఆ మనిషి కండ్లల్ల నీళ్లు. కోపానికి నాకు కూడ ఏడుపొచ్చింది.

అక్కడికెల్లే లేచి అన్న ఇంటికి నడిచిండు. కాళ్లు గుంజుకుంట, చేతుల ఆ తాళం పట్టుకొని. నేను ఎనుకనే పోయిన. పెద్దమామ అరుగు మీద కూసొని ఉన్నడు. మామ తాళం ఆయన కాళ్ల కాడ పెట్టి, "అన్నా, డబ్బా కథ తెల్సింది. తప్పు నాదే. రేపు నీ వంతు" అన్నడు.

పెద్దమామ తాళం దిక్కు చూసిండు గని ముట్టలె. "పొలానికి నిన్న బయానా తీసుకున్న, తమ్మీ" అన్నడు. "నీళ్లడిగెటందుకు మళ్ల నీ వాకిట్లకు రాలేకపోయిన."

ఇప్పుడు చామంతి ఉన్నకాడ తెల్ల రాళ్లున్నయి. రాళ్ల నడుమ అంకెలు రాసిన పలకలు. ప్లాట్లమ్మే ఫోన్లు మా ఇంట్ల అందరికీ వస్తయి, అందరం కట్ చేస్తం. మామ ఒక్కడే ఎత్తుతడు. ఆ పిల్ల చెప్పేదంతా ఇని, అడుగుతడు.

"బిడ్డా, బోరు పక్కకు ఒక చామంతి మడి ఉండె. అది అమ్ముడువోయిందా, ఇంక ఉన్నదా?"

"చెక్ చేసి చెప్త సర్, లైన్‌ల ఉండండి" అంటదామె.

మామ లైన్‌ల ఉంటడు.